గాలి లెక్క

కిట్వే దాటాక, మూడో షాఫ్టు నోటి దగ్గర
ముప్ఫై ఏళ్ళు గొంతు చించుకున్న ఫ్యాను
నిన్న లారీ ఎక్కి వెళ్ళిపోయింది.
కొత్తది పెద్దగా మాట్లాడదు.
దాని పక్కన నిలబడి
అలవాటు చావక మేమింకా అరుచుకుంటూనే ఉన్నాం.

నాకు అప్పగించిన పని: ఎంత మిగిలిందో చెప్పడం.
ఖర్చయినదాన్ని మీటరు చెబుతుంది.
ఖర్చు కానిదానికి
మీటరు ఎక్కడ బిగించను?

అందుకే పాతది ఉండగానే
మూడు వారాలు దాని నాడి పట్టుకు కూర్చున్నాను.
ఎన్ని కిలోవాట్లు మింగుతోంది, ఎంత గాలి దింపుతోంది,
అక్టోబరు ఎండలో ఎంత, తొలివాన పడ్డ రాత్రి ఎంత,
పేలుళ్ళ తర్వాత పొగ తరిమే గంటలో ఎంత.
సగం మూసిన రేకు తలుపు మీదికి
ఒళ్ళు దాచుకోకుండా ఊదేది, పాపం.
గాలికి పోయిన పేలపిండి అంటారే,
ఇక్కడ గాలే పేలపిండి.

కొత్తదానికి ఆ తలుపు లేదు, వేగాన్నే తగ్గించొచ్చు.
వేగంలో ఐదో వంతు కోస్తే
కరెంటు ఇంచుమించు సగానికి దిగుతుంది.
ఘనాల లెక్క అది, కాగితం మీద తప్పదు.
కాగితానికి చెమట పట్టదు కనక
నేను కేజ్ ఎక్కి ఎనిమిది వందల ఎనభై మీటర్లు దిగాను.

సొరంగంలో ఎనిమోమీటరును
ఈ గోడ నుంచి ఆ గోడకి
ఇల్లు అలికినట్టు, ఒక నిమిషం నిదానంగా తిప్పాను.
రెక్కలు బాగానే తిరిగాయి.
కసోండే డ్రిల్లు ఆపి నవ్వాడు.
"బా చిలేషే, నీ బొమ్మ గాలి ఉందంటోంది.
మంగళవారం నుంచి నా మెడ వెనక లేదు."

అతని వెంట చివరి దాకా నడిచాను.
గుడ్డగొట్టం చిరిగి, చెయ్యి పట్టేంత కంత.
గాలంతా దారిలోనే దిగిపోతోంది,
జీతం రోజున ఇల్లు చేరని మొగుడిలా.

కంత కుట్టించాను. చాలలేదు.
వేగాన్ని వందకి నాలుగు పెంచాను.
ఆదా నలభై తొమ్మిది నుంచి నలభై ఒకటికి జారింది.

మేనేజరు సియామె కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
"బోర్డుకి సగం అని చెప్పేశానే! ఆ ఎనిమిదీ ఏమైంది?"
"కసోండే మెడ మీద ఉంది సార్."
ఆయన నవ్వలేదు. నలభై ఒకటే రాయమన్నాడు,
పెన్సిలుతో.

సాయంత్రం చిమ్‌వెమ్‌వెలో మా వీధికి కోత.
నెలకి లక్షన్నర యూనిట్లు మిగిల్చినదాన్ని,
టార్చి పళ్ళతో పట్టుకుని రిపోర్టు రాస్తున్నాను.
పైన సీలింగు ఫ్యాను ఊరికే చూస్తోంది.
మెడ వెనక చెయ్యి పెట్టి చూసుకున్నాను.