నాలుగంకెలు

గుణుపూర్ దాటాక, వంశధార వంతెనకి ఇవతల నా పంచర్ కొట్టు.
బోర్డు ఒడియాలో, బేరం తెలుగులో,
తిట్లు మాత్రం రెండింట్లోనూ.

మొన్న శనివారం మిట్టమధ్యాహ్నం
ఓ ఇల్లు వచ్చి ఆగింది.
ట్రాక్టరు వెనక రేకుల గది,
కిటికీకి పూలగుడ్డ, గడపలో కిరసనాయిలు పొయ్యి,
లోపల ఒకదాని మీదొకటి పడుకున్న చెక్కగుర్రాలు.
రంగులరాట్నం వాళ్ళు. పర్లాకిమిడి తీర్థానికి.

"గాలి కొట్టెయ్ బావా, పొద్దుగూకేలోగా చేరాల"
అన్నాడు తవిటినాయుడు, ఇంజను ఆపకుండానే.

టైరు మీద చెయ్యి వేశాను.
అరచెయ్యి కాదు, దాని వీపు.
పిల్లలకి జొరం చూసినట్టు.
ఎడమది వెచ్చన. కుడిది చురుక్కుమంది.

కాలిన టైరు అబద్ధమాడుతుంది,
నరహరి బెహరా నేర్పిన మొదటి మాట అది.
వేడికి ఉబ్బి, కడుపు నిండిందంటుంది,
చల్లారాక ఆకలంటుంది.
"గంటాగు."
"గంటే!"

ఆ గంటలో అతని కూతురు దిగొచ్చి
నా పక్కన గొంతుక్కూచుంది.
"ఈ అంకెలేటి?"
పుట్టినరోజు అన్నాను.
ముందు రెండూ వారం, వెనక రెండూ సంవత్సరం.
ముప్ఫై ఒకటి, పదకొండు.
"నేను పదమూడులో పుట్టాను,
అయితే ఇది అక్క!"

అక్క గాళ్ళు ఇంకా లోతుగానే ఉన్నాయి.
తిరిగింది తక్కువ, నిలబడింది ఎక్కువ.
వానాకాలమంతా ఏ జీడితోటలోనో
ఒక్క చోటే బరువు మోసి
పక్కల నిండా మడమ పగుళ్ళు.

"నిరుడు యాభైలో తోలాను, ఏటయింది?"
నిరుడు దానికి నిరుటి వయసు, నాయుడా.
ముప్ఫై దాటకు.
ఇరుసుమానుని వెనక కట్టావు, ముందుకి జరుపు,
లేకపోతే దిగుడులో తోక ఊగుతుంది.
ఊగిందా, బ్రేకు తొక్కెయ్యకు, కాలు తీసెయ్.
తొక్కితే
నీ ఇల్లే నీకు అడ్డంగా వచ్చి నిలబడుతుంది.

మాట్లాడలేదు.
గుర్రాలు దింపాడు, మాను జరిపాడు, మళ్ళీ ఎక్కించాడు.
సగం డబ్బులిచ్చి, సగం తిరుగుదారిలో అన్నాడు.
పిల్ల ఎక్కబోతూ
కొత్త టైరుకి చేతి వీపు తాకించి చూసింది.

వంతెన మీద దాకా మెల్లగానే వెళ్ళారు.
ఆవల చప్పుడు వినబడలేదు.

రాత్రి వాన.
కొట్టు ముందు అక్క నిండా నీళ్ళు, నీళ్ళ నిండా దోమపిల్లలు.
ఇరవయ్యేళ్ళుగా కన్నాలు పూడ్చిన చేత్తో
మేకు తీసుకుని
దానికో కన్నం పొడిచాను.