సనియె గారి తలుపు

ఆదివారం మందుల షాపుకి సెలవు.
మెడలో కెమెరా, జేబులో తిని మిగిల్చిన నువ్వుల రొట్టె.
సినోప్ రేవులో నన్ను చూసి
పిల్లులు కూడా మొహం తిప్పుకుంటాయి,
మళ్లీ తయారయ్యాడన్నట్టు.

వల బాగుచేసే రిజా వేళ్లు,
మంగలి అద్దంలో సగం సముద్రం,
వాన వెలిశాక బస్టాపులో ఎవరిదో ఒంటి చెప్పు.
గొప్పవేం కావు.
ఒకదాంట్లో నా బొటనవేలే పెద్ద కొండ.

ఒక్కటి మాత్రం కుదిరింది,
సనియె గారి నీలి తలుపు.
పెచ్చులు లేచిన చోట పాత ఆకుపచ్చ,
దాని కింద ఎవరి కాలానిదో ఎరుపు.
మురిసిపోయి
ఒక కాపీ ఆవిడకే ఇచ్చొచ్చాను.

ఈ వారం వెళ్తే సందు మొదట్లోనే రంగు వాసన.
తలుపంతా తెల్లగా, నున్నగా,
ఆస్పత్రి గోడలా.
"నీ ఫోటో చూశాక సిగ్గేసింది నాయనా,
ఇన్నేళ్లూ ఊరు ఈ మొహమేనా చూసింది!"

నా చేతిలో టీ గ్లాసు పెట్టి
తలగుడ్డ సర్దుకుని
తలుపు పక్కన నిటారుగా నిలబడింది.
"ఇప్పుడు తియ్యి."

టీ గడప మీద పెట్టాను.
ఆవిడ గోళ్ల సందుల్లో
గీకిన నీలం ఇంకా పోలేదు.
ఫోకస్ అక్కడికి తిప్పాను.