సొట్టల లెక్క

మతొజీన్యూస్ రేవుకి పడవలొచ్చాయని
ఫ్యాక్టరీ సైరన్ కూయగానే
రబ్బరు బూట్లు టపటపలాడిస్తూ
వీధి నిండా మేమే.
సార్డీన్ల తలలు కోసేవాళ్ళు కోస్తారు,
డబ్బాల్లో పేర్చేవాళ్ళు పేరుస్తారు.
నేను రాస్తాను.
ఎన్నిటికి మూతలు పడ్డాయో, ఎన్నిటికి సొట్టలు పడ్డాయో,
ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యమో,
నీలం సిరాతో, గళ్ళ పుస్తకంలో.
పదకొండేళ్ళు. ఒక్క కొట్టివేత లేదు.
ఆ మాట గర్వంగా చెప్పుకునేదాన్ని.

ఇదలీనా నా పక్క గుమ్మం మనిషి.
నాకు జ్వరమొస్తే క్యాబేజీ సూప్ తెచ్చి
గిన్నె కడిగి మరీ వెళ్ళే మనిషి.
ఆమె ఆప్రాన్ కింద రోజూ రెండు డబ్బాలు ఇంటికెళ్ళేవి.
నేను రాసేదాన్ని: సొట్టలు, రెండు.
దొంగతనం అనే మాట
మా ఇద్దరి మధ్యకి రావడానికి దారే లేదు,
సూప్ గిన్నె అడ్డంగా ఉండేది.

జుల్మీరా కొండల అవతలి నుంచి వచ్చింది.
మొదటి రోజు సముద్రం హోరు విని
"దీన్ని ఎన్నింటికి ఆపుతారు?" అని అడిగింది,
అదేదో మా మిషనే అనుకుని.
ముందు నవ్వింది ఇదలీనా.
ఆమె నవ్వింది కాబట్టి నేను.
నేను నవ్వాను కాబట్టి బల్ల చుట్టూ ముప్పై మంది.
వాళ్ళలో జుల్మీరా మీద కోపమున్న మనిషి
వెతికినా ఒక్కతి దొరకదు.
మేం ఆమెని చూసి నవ్వలేదు,
ఒకరినొకరం చూసుకుని నవ్వాం.

ఆ తర్వాత ఆమె కత్తి మాయమైంది,
పూట కూలి పోయింది.
బూట్లలో ఉప్పు.
కొండ మేక అని పేరు.
భోజనాల దగ్గర ఆమె వచ్చి చివర కూర్చుంటే
అందరం ఒక్కసారే లేచేవాళ్ళం,
బెంచీ ఆమె వైపు ఒరిగిపోయేది.
ఒక శనివారం ఒకే ఒక్క డబ్బా,
నిజంగానే సొట్టది,
సంచిలో వేసుకుంది.
రాశాను. పూర్తి పేరు, గంట, నిమిషం.
మూడు రోజుల జీతం కోత.
నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
మా నోళ్ళు ఎంత మంచివని!
ఒకరినొకరం ఏనాడూ
పల్లెత్తు మాట అనుకోలేదు.

మే నెలలో ఇదలీనా కూతురికి బాప్తిస్మం.
పాప తెల్ల గౌను అంచుకి పూలు కుట్టింది నేను,
పద్నాలుగు రాత్రులు.
జ్ఞానతల్లి ఎవరని ఫాదర్ అడిగినప్పుడు
నేను సగం లేచాను.
పూర్తిగా లేచి నిలబడింది ఫోర్‌మన్ భార్య.

సోమవారం పొద్దున
నా కలానికి నిజాయితీ పుట్టింది.
ఆప్రాన్ కింద, రెండు, అని రాశాను.
చెయ్యి వణకలేదు.
ఇప్పటికీ నాకు భయం వేసేది అందుకే.

మేనేజర్ గదిలో విచారణ.
వరసలో ఇదలీనా పక్కన నిలబడేది జుల్మీరా కాబట్టి
సాక్షి తనే.
ఇక ఇది నా మనిషి అనుకున్నాను.
ఇన్నాళ్ళ ఉప్పుకి, కత్తికి, బెంచీకి
బదులు తీర్చుకునే రోజు
నేనే కదా తెచ్చి చేతిలో పెట్టాను.

మణికట్టు మీది పొలుసు గోటితో గీరుకుంటూ
"నేను చేపల్ని చూస్తున్నానండీ" అంది.
మళ్ళీ అడిగారు.
"ఆ రోజు చేపలు చాలా వచ్చాయండీ."

ఇదలీనా ఉద్యోగం నిలిచింది.
బయటికొచ్చి జుల్మీరా చెయ్యి పట్టుకోబోయింది.
జుల్మీరా మెల్లగా విడిపించుకుని
కుళాయి దగ్గరికి వెళ్ళి
చాలాసేపు కడుక్కుంది.
అది దయో, ఏవగింపో.
నా పుస్తకంలో దానికి గడి లేదు.

నిన్న మధ్యాహ్నం
ఇదలీనా బెంచీకి ఆ చివర, నేను ఈ చివర.
జుల్మీరా వచ్చి మధ్యలో కూర్చుని
ఉడకేసిన బంగాళాదుంప తొక్క తీసుకుంటోంది.
ఇదలీనా లేవలేదు.
నేను లేవలేదు.
ఎవరమూ ఏమీ మాట్లాడలేదు.
బయట సముద్రాన్ని
ఇంకా ఎవరూ ఆపలేదు.