ఎర్రగుంపు

నీడ నీళ్ల మీద పడకుంట కూసో తమ్మీ,
ముందుగాల అది నేర్సుకో.
చంద్రపూర్‌ల కొన్న ఆ రాడ్ ముచ్చట తర్వాత.
పన్నెండు వేలా?
ఓదెలు వినకముందే ఆ మాట మింగు.
ఆయనది వెదురు కట్టె,
కొసకు సైకిల్ పుల్ల వంచి బిగిచ్చుకున్నడు.

సిరొంచ కోట దిగువన
వరద తీసేటప్పుడు ప్రాణహిత మర్సిపోయిన మడుగు ఇది.
ఆదివారం నలుగురం మర్సిపోం.
తపాలాఫీసు కెల్లి నేను,
జంగ్లాత్‌ల రిటైరైన మధుకర్ సడ్మెక్,
పిండిగిర్ని ఓదెలు,
బస్టాండు కాడ చాయ్ డబ్బా మూసి వచ్చే రాజుబాయి.
ముచ్చట తెలుగుల, లెక్క మరాఠీల,
చేప తెంపుకపోతే మాత్రం
మధుకర్ వాళ్లమ్మ నేర్పిన గోండు మాటలల్ల తిడ్తడు.
మాకు అర్థం కాదు. చేపకు అయితదేమో.

రబ్బరు కప్పను నీళ్లల్లకు కాదు,
గుర్రపుడెక్క మీదికి ఇసురు.
ఆకు మీద కూసోనీ. కప్పకేం తొందర?
అంచు దాక జరుపు, జార్చు.
నీళ్లు పగులుతయి.
గుంజకు!
మేమందరం ఓడేది గీడనే.
మధుకర్ ఏక్, దోన్, తీన్ అని లెక్కవెడ్తడు.
రాజుబాయి లెక్కవెట్టది,
నోట్లె ఆకు ఒక్కసారి నమిలి గుంజుతది.
మా నలుగురిల ఎక్కువ పట్టేది ఆమెనే,
అడిగితే "ఏడ, ఏం పడలే" అంటది,
తడిసిన గోనెసంచి ఎనకకు జరుపుకుంట.

కొర్రమట్ట గాలి కోసం పైకొస్తది.
మంచుల దాని గుటక ఇనవడ్తది,
ఎవరో ముసలాయన కాలే చాయ్ జుర్రినట్టు.
ఆ సప్పుడు మీదికి ఇసరకు,
అది పోయే దిక్కు రెండు మూరలు ముందర ఇసురు.

బరువు అడిగితే ఎవల్నీ నమ్మకు.
ఓదెలు నాలుగు కిలోలన్న చేప
ఆయన గిర్నిల కాంటా మీదనే కిలోన్నర తూగింది.
"కాంటల తేడా ఉన్నది" అన్నడు.
ఊరి జొన్నలన్నీ తూగేది ఆ కాంటా మీదనే.

ఇగ అటు సూడు, తుంగ పక్క.
నీళ్లల్ల కుంకుమ ఒలికినట్టు కదులుతలేదా?
పిల్లలు. వెయ్యి ఉంటయి.
కింద తల్లి ఉంటది, తండ్రి ఉంటడు.
ఆ ఎరుపు నడుమ ఏం పడ్డా కరుస్తయి,
ఆకలికి కాదు.
అంత అల్క. అందుకే వద్దు.

నాకెవరు చెప్పలేదనుకున్నవా? చెప్పిన్రు.
నేనొచ్చిన ఏడు, ఆరు వారాలు ఉత్త చేతులు.
పక్కింటి కంపోండరు
"చేపలకు మనియాడర్లు చేస్తున్నవా?" అని నవ్విండు.
ఏడో వారం ఇసిరిన.
రెండున్నర కిలోలు.
దానికి అబద్ధం కలపవలసిన అవసరం పడలే.

ఎవ్వరేం అనలే.
రాజుబాయి చాయ్ పోసింది,
కప్పు చేతికియ్యలే, బండ మీద పెట్టింది.
ఓదెలు కట్టె పట్టుకొని
అవుతలి గట్టుకు పోయి కూసున్నడు.

ఇంట్ల కూర మంచిగైందన్నరు.
నేను ముండ్లున్నయని పక్కకు పెట్టిన.
కొర్రమట్టకు నడిముల్లు తప్ప ముల్లుండదని
మా చిన్నబిడ్డకు సుత ఎరుకే.
పైవారం ఎరుపు దోసెడైంది.
ఆ పైవారం చిటికెడు.
మిగిలింది కొంగలు చూసుకున్నయి.

దీపావళి దాటినంక ఒకనాడు
నా కప్ప తుమ్మకొమ్మకు చిక్కింది.
అవుతలి గట్టు కెల్లి ఓదెలు
నడుము లోతు నీళ్లల్ల దిగి వచ్చిండు,
చిక్కు తీసిండు, నా అరచేతుల పెట్టిండు.
"కొక్కెం మొద్దువారింది. రాయికి నూరుకో."
అంతే.
తడి ధోతితోని నా పక్కపొంటి కూసున్నడు,
పొగాకు సగం తెంపిచ్చిండు.
నాకు అలవాటు లేదు. నమిలిన.
దగ్గుకుంట నమిలిన.

నీ రీల్ కిర్రుమంటున్నది తమ్మీ,
నీ కండ్లు ఆ తుంగ కాడనే ఉన్నయి.
నా ముచ్చట ఒడిసింది.
ఓదెలు ఇటు సూస్తలేడు,
సూడనట్టు సూసుడు ఆయనకొచ్చినట్టు ఎవలికీ రాదు.
రాజుబాయి క్యాన్ మూత తీస్తున్నది.

ఇయ్యాల కప్పులు ఐదు తెచ్చింది.