కొక్కేలు మార్చిన రోజు

మంగళవారాల్లో వస్తాడు ఓల్డ్రిఖ్.
ట్రామ్ దిగి, భుజాల మీది మంచు దులుపుకుని,
గుమ్మంలో బూట్లు రెండుసార్లు నేలకేసి కొట్టి
"ఇంకొకటి పోయింది" అంటాడు,
దోసకాయల ఊరగాయ సీసాలో తెచ్చిన చేపను
బల్ల మీద పెడుతూ.
తోక లేదు. ఒక పక్క పొలుసు లేదు.
చచ్చినదాన్ని నాకెందుకు చూపిస్తాడో
మూడు నెలలుగా అడగలేదు నేను.

అతనింట్లో నాలుగొందల లీటర్ల తొట్టె,
అందులో ఒకే ఒక్క రెడ్ డెవిల్.
నారింజ ఒళ్ళు, నుదుటి మీద బొప్పి,
అద్దం మీద వేలు పెడితే వేలి మీదికే వస్తుంది.
పేరు మేస్త్రి.
గనిలో తన పై మేస్త్రికీ అదే నుదురట.

ఓస్ట్రవాలో చేపలమ్ముకునే మనిషిని నేను.
పొంతనలు చూడడం నా పని కాదు,
అయినా పొద్దస్తమానం అదే చేస్తాను.
ముందు నోటి కొలత చూస్తాను:
నోట్లో పట్టేది నేస్తం కాదు, మేత.
ఒకే రంగువి రెండు వద్దంటాను.
తన రంగు ఇంకొకరి ఒంటి మీద కనబడితే చాలు,
దానికి అద్దమూ శత్రువే.
మరీ మెత్తనిది వద్దు, మరీ మొండిదీ వద్దు;
తన్నులు తిని
మర్నాడు మేత వేళకి పైకి వచ్చేది కావాలి.

మొదట గ్రీన్ టెర్రర్ ఇచ్చాను,
పౌరుషానికి పౌరుషం జోడనుకుని.
పదకొండు రోజులు.
తర్వాత సిల్వర్ డాలర్లు ఆరు,
గుంపుగా ఉంటే కోపాన్ని పంచుకుంటాయని.
రెండో వారానికి నాలుగు, మూడో వారానికి...
వద్దులే, సీసాలు లెక్కపెట్టను.
అడుగున ప్లెకో మాత్రం మిగిలింది.
రాయిలా ఉండడం దానికి తెలుసు.

"ఒంటరిగా వదిలెయ్" అన్నాను,
"కొన్నిటికి నీళ్ళు చాలు."
ఓల్డ్రిఖ్ హీటర్ల అరవైపు చూస్తూ
"అద్దంలోంచి నన్నే చూస్తుంటుంది" అన్నాడు.
"నేనేమో రోజంతా ఇంట్లోనే ఉంటాను."

అప్పుడు చెప్పాను ఆఖరి ఉపాయం.
మేస్త్రిని బకెట్లో పెట్టు. రాళ్ళన్నీ తీసెయ్.
గుహ ఉన్నచోట ఇసుక, ఇసుక ఉన్నచోట గుహ.
దీపం ఆర్పు.
రెంటినీ ఒకేసారి చీకట్లోకి వదులు.
తెల్లారేసరికి ఏ మూలా ఎవరి సొంతమూ కాదు.

చాలాసేపు మాట్లాడలేదతను.
టోపీ తీసి చేతిలో తిప్పాడు.
తర్వాత, గనివాళ్ళు బట్టలు మార్చుకునే హాలు గురించి:
కప్పు నుంచి వేలాడే గొలుసులు,
గొలుసుకో కొక్కెం, కొక్కేనికో నంబరు,
ఇంటి బట్టలు పైకి లాగేసి
మనుషులు కిందకి దిగిపోవడం.
రెండొందల పదిహేడో కొక్కెం ఖాళీ అయిన ఏడాది
(ఎలా ఖాళీ అయిందో చెప్పలేదు)
ఆ నంబరు ఓ కొత్త కుర్రాడికిచ్చారు. ఇమ్రిఖ్.
ఎవరూ అతని పక్కన కూచుని రొట్టె తినలేదు.
అతని బూట్లలో ఎవరో నీళ్ళు పోశారు.
"ఎవరు?" అన్నాను.
"నేనే" అన్నాడు.

ఓ ఆదివారం రాత్రి మేస్త్రి ఒక్కడే వచ్చి
అందరి నంబర్లూ మార్చేశాడట.
సోమవారం తెల్లారి మూడొందల మంది
తలలు పైకెత్తి,
తమ చొక్కా ఏ గొలుసున వేలాడుతోందో తెలియక,
తిట్టుకుంటూ, ఒకరినొకరు అడుక్కుంటూ.
"నాది ఇమ్రిఖే చూపించాడు."

వెనక తొట్టెలోంచి టెక్సాస్ చేపనొకదాన్ని పట్టాను.
ముత్యాల చుక్కలు, పాత కొట్లాటలో చిరిగిన రెక్క.
సంచీని కోటు లోపల, ఛాతీకి ఆనించి దాచుకుని
మంచులోకి వెళ్ళిపోయాడు.

తర్వాతి మంగళవారం రాలేదు.
ఆ పై మంగళవారం వచ్చాడు, సీసా లేకుండా.
రాళ్ళు ఎత్తి నడుం పట్టేసిందన్నాడు.
తోక కొంచెం చిరిగిందన్నాడు, రెంటికీ.
ఈసారి మేత
పెద్ద డబ్బా అడిగాడు.