పంటి నొప్పి

ఫుంకా అఖాతం ఒడ్డున, రేకుల షెడ్డులో
తెల్లవారుజాము మూడు.
కిరోసిన్ పొయ్యి చుట్టూ ఆరుగురం ఆడవాళ్లం
ఆల్చిప్పలు ఒలుస్తున్నాం.
మొండికత్తి సందులో దూర్చి
కండను అడ్డంగా ఒక్క కోత.
ఎంత బిగదీసుకున్న నోరైనా
ఆ దెబ్బకి తెరుచుకుంటుంది,

నా నోరు తప్ప.

పదకొండేళ్లుగా నా పక్క పీట కినుయోది.
మోచెయ్యికి మోచెయ్యి తగిలేంత దగ్గర.
ఆమె మోకాళ్లకి ఏ పట్టీ పనిచేస్తుందో తెలుసు నాకు,
ముల్లంగి ఊరగాయలో ఉప్పు ఎందుకు తగ్గించిందో తెలుసు,
కొడుకు పడవ ఏ అక్టోబరులో తిరిగి రాలేదో,
రేడియోలో వాతావరణం చెప్పే వేళకి
ఆమె ఎందుకు లేచి బయటికి పోతుందో తెలుసు.
నా గురించి నేను ఆమెకి చెప్పనివి
ఆదివారాలు.

"ఈ వారం కూడా రావా?"
"పన్ను నొప్పి. మురోరాన్ డాక్టరు ఆదివారమే చూస్తాడు."
మొదటిసారి చెప్పినప్పుడు
దవడ నిజంగానే సలిపింది.
తర్వాత అదీ మానేసింది.

రెండు బస్సులు మారితే
బియ్యం కొట్టు మేడ మీద పద్నాలుగు మడత కుర్చీలు,
తొమ్మిదిమందిమి,
కాలితో తొక్కే హార్మోనియం ఒకటి, దగ్గుతూ.
అక్కడ గొంతెత్తి పాడతాను.
తిరిగొచ్చే బస్సులో
సిలువ గొలుసు స్వెట్టర్ లోపలికి తోసేస్తాను,
చలికి కాదు.

ఇక్కడ ఎవరూ నన్ను కొట్టరు.
చెరసాల లేదు, రాయి విసిరే చెయ్యి లేదు.
అదే నా సిగ్గు.
నా భయమల్లా
టీ తాగే వేళ ఐదుగురూ ఒక్క క్షణం మాట ఆపేస్తారేమోనని,
"ఓహో, అలాగా" అని మర్యాదగా నవ్వి
పీటలు జానెడు పక్కకి జరుపుకుంటారేమోనని.
జానెడు.
దానికే పదకొండేళ్లు.

ఆయనెవరో తెలియదని ఒకడు బొంకింది కూడా
ఇలాంటి చలిమంట దగ్గరే.
వాడికి కోడి కూసింది.
నాకు నాలుగింటికి ఐసు లారీ హారన్ కొడుతుంది,
కొట్టినప్పుడల్లా ఉలిక్కిపడతాను.

మొన్న, కత్తి ఆపకుండానే కినుయో అంది:
"పదకొండేళ్ల ఆదివారాలు.
నీ నోట్లో ఇంకా పళ్లు మిగిలాయా?"

షెడ్డంతా గొల్లుమంది.
నేనూ నవ్వబోయాను. గొంతులో వెలక్కాయ.
చూపుడువేలి తొడుగు చిరిగింది, దాన్నే చూస్తూ
"చర్చికి వెళతాను" అన్నాను.
పొయ్యి మీద కెటిల్ చప్పుడులో ఆ మాట మునిగిపోయింది.
రెండోసారి చెప్పాల్సి వచ్చింది.
ఆ రెండోసారే కష్టం.

నిజం చెప్పాలి, ఇటుపక్క తొకివా కొంచెం జరిగింది.
భుజం దగ్గర ఆ జానెడు గాలి చల్లగా తగిలింది.
తగలనీ.

కినుయో కత్తి దించింది.
"సముద్రం పట్టుకుపోయినవాళ్ల గురించి
మీవాళ్లు ఏమైనా చెబుతారా?"

కంఠతా పట్టినవి ఒక్కటీ గుర్తు రాలేదు.
జవాబు తెలిసినట్టు నటించబుద్ధి కాలేదు.
ఒక తెల్లవారుజాము సంగతి చెప్పాను:
రాత్రంతా వలలు వేసి
ఉత్త చేతులతో వస్తున్న జాలర్లకి
ఒడ్డున నిప్పుల మీద చేపలు కాలుస్తూ ఒకాయన.
సమాధిలో పెట్టి రాయి దొర్లించిన మనిషే.
బొంకినవాడూ ఆ పడవలోనే ఉన్నాడు.
ఎందుకు బొంకావని అడగలేదు ఆయన,
ఆకలిగా ఉంటారు, తిందురుగాని రమ్మన్నాడు.

కినుయో చాలాసేపు ఏమీ అనలేదు.
"చేపలు శుభ్రం చేసిందెవరు?"
"ఆయనే అయ్యుంటాడు. చేతులు రెండింటికీ గాయాలు."

గీతలు పడ్డ తన అరచేతులకేసి చూసుకుంది.
"ఉప్పుకి మండి ఉంటుంది," అంది.

బయట లారీ హారన్ కొట్టింది.
తలుపు తియ్యడానికి
ఇద్దరం లేచాం.