మైనస్ పది

హెర్మిస్టన్ గోదాములో గుమాస్తా
కిటికీ సందులోంచి కాగితం తోశాడు.
ఇరవై రెండు పాలెట్లు, వేపుడుకి కోసిన బంగాళాదుంప,
ఫారెన్‌హీట్‌లో మైనస్ పది.
పది ముందు గీత
పెన్ను విదిలిస్తే పడ్డ మరకలా ఉంది.
వేలు పెట్టి అడిగాను, ఇది గీతేనా అని.
"గీతే," అన్నాడు. "నీకు జీతమిచ్చేది ఆ గీతే."

గీత లేకపోతే పది.
పదికి దుంప కరగదు, నిజమే.
కానీ దింపేచోట ఎవరో పెట్టె చింపి
థర్మామీటరు గుచ్చి, తల అడ్డంగా ఊపుతారు.
పంతొమ్మిది టన్నులకీ అదే తీర్పు.

అందుకే సరుకెక్కక ముందే
ఖాళీ ట్రైలర్‌ని గంటన్నర చల్లబరిచాను.
ల్యోనెల్ దగ్గర నేర్చిన మొదటి పాఠం:
"నూకా, ఈ డబ్బా దేన్నీ గడ్డకట్టించదు.
వచ్చిన చలికి కాపలా కాస్తుంది, అంతే."

కాపలా నాకు కొత్త కాదు.
విశాఖ చేపల రేవులో ఐసు దిమ్మల మీద
ఊక పోసి, గోనె కప్పి,
ఎండ ఎటు తిరిగితే అటు గోనె జరిపేది మా సింహాచలం పిన్ని.
డిగ్రీలంటే తెలీదు ఆమెకి.
బల్ల కింద కారే చుక్కల చప్పుడు విని
టైమెంతో చెప్పేది.

ఇక మిగిలింది ఒక్క మీట.
ఇంజను ఆగకుండా నడవాలా,
చలి చాలినప్పుడు ఆగి, తగ్గినప్పుడు తానే లేవాలా?
కాగితం ఆ సంగతి ఎత్తలేదు.
ఆఫీసు నుంచి ఫోను: ఆగనివ్వు, డీజిల్ ధర చూశావా?
ల్యోనెల్ ఏనాడో చెప్పి ఉంచాడు:
"ఆకుకూరకి ఆపకు, అది ఊపిరి తీస్తుంటుంది.
ఐస్‌క్రీమ్‌కి అసలే ఆపకు, దానికి క్షమాగుణం లేదు.
దుంప అంటావా,
దుంప దుంపే."

అయినా ఆపబుద్ధి కాలేదు.
క్యాబేజీ హిల్ ఎక్కినంతసేపూ నడవనిచ్చాను.
పేరుకే క్యాబేజీ,
మలుపు మలుపుకీ రాయి, ఎండిన గడ్డి.

రాత్రి లా గ్రాండ్‌లో ఆగాను.
ఆగస్టు. ఎక్కడో పుదీనా కోస్తున్నట్టున్నారు,
లోయంతా ఎవరో పచ్చడి నూరుతున్న వాసన.
పదకొండింటికి తలుపు మీద దబదబా.
పక్క బండి ముసలాయన, గళ్ళ లాగు, చేతిలో కళ్ళద్దాలు:
"అమ్మాయ్, నీ పెట్టె నోరు కాసేపు మూయిస్తావా?"
వెళ్ళి మీట మార్చాను.
ఇంకాసేపు గురగురలాడి
మాట మధ్యలో మర్చిపోయినట్టు ఆగింది.

అప్పుడు పోయింది నా నిద్ర.
చప్పుడులో మూడేళ్ళు పడుకున్నదాన్ని.
ఈ నిశ్శబ్దం చలి చాలిందనా,
ఇంజను చచ్చిందనా?
రెండింటికీ ఒకటే గొంతు.

చెప్పులేసుకుని దిగాను. మైనస్ తొమ్మిది.
ఎక్కాను, దిగాను. మైనస్ ఎనిమిది.
ఇంకో అంకె జారితే ముసలాయన ఏమన్నా సరే అనుకుంటుండగా
దానంతట అదే దగ్గి, లేచి, అందుకుంది.
పక్క బండిలో దీపం వెలిగింది.
ఒక బూతు వినిపించింది.
దీపం ఆరింది.

తర్వాత కాసేపు కునుకు.
మళ్ళీ మెలకువ వచ్చేసరికి, టప్, టప్,
ట్రైలర్ ముందు గొట్టంలోంచి కంకర మీదికి నీళ్ళు.
కంగారు పడలేదు. మంచు దులుపుకుంటోంది.
చలిని కాసేదానికి కూడా
అప్పుడప్పుడూ కాస్త వేడి కావాలి,
లేకపోతే తన మంచుకి తానే ఊపిరాడక ఆగిపోతుంది.

కళ్ళు మూసుకుని చుక్కలు లెక్కపెట్టాను.
నాలుగున్నర, అనుకున్నాను.
ఫోను చూస్తే మూడు పది.
పిన్ని అయితే తప్పేది కాదు.

లాగ్‌బుక్ తీసి టైము వేశాను.
నీళ్ళు ఆగి, ఫ్యాను తిరిగి, అంకె నిలబడేదాకా చూసి
తొమ్మిది అని రాశాను.
దాని ముందు గీత
అవసరానికంటే కాస్త పొడుగ్గా గీశాను.